రాజుగారు గంజి తాగారా

ఫిబ్రవరి 4, బుధవారం

ఈ ఏడాది డైరీ పురుగుమందుల కంపెనీది. ప్రతి పేజీ కింద ఒక పచ్చ పురుగు బొమ్మ. నా రాతకి తగ్గ పేజీ.

మా బావగారు ఆంజనేయులి పుట్టినరోజు ఫ్లెక్సీ ఈ రోజు నరసరావుపేట బస్టాండ్ ఎదురుగా కట్టారు. కింద వరసలో శుభాకాంక్షలు చెప్పే అభిమానుల ఫొటోలు ఉండాలి కదా. అభిమానులెవరూ ఫొటోలు పంపలేదు. ఆయన ఫొటోలే తీసుకుని ఒకదానికి టోపీ, ఒకదానికి నల్ల కళ్ళద్దాలు, ఒకదానికి గడ్డం తగిలించి వరస నింపేశాను. సాయంత్రం దాకా ఎవరూ కనిపెట్టలేదు. కనిపెట్టాక బస్టాండంతా నవ్వింది. బావగారు మా ఫ్లెక్సీల షాపుకొచ్చి, ఒరేయ్ కోటేసూ, నీ పెళ్ళాన్ని అదుపులో పెట్టుకోరా అని మా ఆయన మీద అరిచాడు. మా ఆయన త్రికోటేశ్వరరావు తల కూడా ఎత్తలేదు. ఆయన కంప్యూటర్లో ఎవరిదో పెద్దకర్మ ఫ్లెక్సీకి దీపం పెడుతున్నాడు.

అసలు మంచి వార్త ఇది కాదు. పక్క షాపు మాబున్నీసా వదిన పరిగెత్తుకుంటూ వచ్చింది, మెడలో టేపు, నోట్లో గుండుసూది. ముందు ఆ సూది తీసి మాట్లాడు తల్లీ అన్నాను. పరాయి దేశం జైల్లో ఉన్న వాళ్ళాయన షఫీకన్న పేరు క్షమాభిక్షకి వెళ్ళిందట. అక్కడ ఖైదీలకి సాయం చేసే మలయాళీ ఆయన ఫోన్ చేశాడట. ప్రతి రంజాన్‌కీ ఆ దేశపు రాజు కొంతమందిని వదిలేస్తాడు. రాజు సంతకం ఒక్కటే మిగిలిందట.

దేశం పేరు ఇక్కడ రాయను. ఆ దేశం పేరెత్తి ఎక్కడా ఏమీ పెట్టొద్దని షఫీకన్న ఎప్పుడో చెప్పాడు. ఆయన చేసిన నేరం ఏందంటే, జీతం ఇవ్వని యజమాని మీద ఫిర్యాదు చెయ్యడానికి ఆ యజమాని బండిలోనే మన ఎంబసీకి వెళ్ళడం. బండి దొంగ అని కేసు పెట్టాడు వాడు. ఇంకా మూడేళ్ళ శిక్ష ఉంది.

వదిన నన్ను పట్టుకుని ఏడ్చింది. నా భుజం తడిసింది. కొత్త జాకెట్టు, నువ్వే కుట్టావు, రంగు పోతే నువ్వే మార్చివ్వాలి అన్నాను. ఏడుస్తూనే నవ్వింది.

ఫిబ్రవరి 6, శుక్రవారం

రాజు ఆస్పత్రిలో చేరాడు.

మామూలు పరీక్షలేనని వాళ్ళ టీవీలో చెప్పారట. మామూలు పరీక్షలకి మసీదుల్లో దువా చెయ్యమని ఎందుకు చెప్తారు? మలయాళీ ఆయన ఇంకో మాట అన్నాడట. రాజుకేమైనా అయితే కాగితాలన్నీ వెనక్కి పోవచ్చు, కొత్తగా వచ్చినవాడు ఏం చేస్తాడో చెప్పలేం అని. వదిన ఆ తర్వాత ఎవరి జాకెట్టుకో ఒకే వైపు రెండు చేతులు కుట్టింది.

వాళ్ళ అత్తగారు ఖాతూన్ బీని నేను పెద్దమ్మా అంటాను. షఫీకన్న నాకు అన్న కాబట్టి. షాపుల వెనక మా ఇంటికీ, వాళ్ళ ఇంటికీ మధ్యగోడ ఒకటే. ఆ గోడకి ఆనుకుని మంచం మీద కూర్చుంటుంది. కళ్ళకి పొర. చెవులు మాత్రం పాము చెవులు. సంగతంతా విని ఒక్కటే అడిగింది. ఆ రాజుకి అమ్మ ఉందా అని.

ఫోన్‌లో వెతికి చూశాను. ఎప్పుడో పోయింది. ఆ మాటే చెప్పాను.

మరి ఆయన కోసం తల్లి దువా ఎవరు చేస్తారే అంది. తస్బీ పూసలు తీసుకుని కళ్ళు మూసుకుంది.

ఫిబ్రవరి 7, శనివారం. సాయంత్రం

చెయ్యకూడని పని చేశాను. చేసేటప్పుడు మాత్రం భలేగా ఉంది.

పెద్దమ్మ నిన్నటి నుంచి తిండి మీద చెయ్యి పెట్టడం లేదని వదిన చెప్పింది. నవ్విస్తే తింటుందనుకున్నాను. నా వైద్యం ఎప్పుడూ అదే. షాపులో పాత సిమ్ ఒకటి పడి ఉంటే ఫోన్లో వేసి మేడెక్కాను. గొంతు బొంగురు చేసి, కడప యాస పెట్టి, పెద్దమ్మ బటన్ ఫోన్‌కి చేశాను. అమ్మా, నేను బాషాను, మాది కడప పక్క, రాజుగారి వంటింట్లో పని చేస్తుండా, మీరు ఆయన కోసం దువా చేస్తుండారని తెలిసి మీ మంచిచెడ్డా కనుక్కోమన్నారు అన్నాను. అర నిమిషంలో కనిపెట్టి, ఏమే అనసూయా, నీ నోట్లో దుమ్ముపడ అని తిడుతుంది, ఇద్దరం నవ్వుకుంటాం, ఆ ఊపులో రెండు ముద్దలు తినిపిస్తాం అనుకున్నాను.

పెద్దమ్మ తిట్టలేదు. రాజుగారు గంజి తాగారా నాయనా అని అడిగింది.

తాగినారమ్మా అన్నాను. ఎంత తాగారు అంది. సగం గిన్నె అన్నాను. సగమేనా అంది. జొరం నోరు నాయనా, చేదుగా ఉంటది, కాస్త నిమ్మకాయ పిండు, ఉప్పు తగ్గించు, పడుకోబెట్టి తాగించబాక, పొలమారుద్ది, ఈపుకి దిండు పెట్టి కూర్చోబెట్టు అంది.

సరేనమ్మా, నువ్వు తింటివా అన్నాను. ఇప్పుడు తింటాలే, రేపు కూడా చెయ్యి అని పెట్టేసింది.

గోడ అవతల కంచం చప్పుడైంది.

ఫిబ్రవరి 8, ఆదివారం

ఈ రోజు ముప్పాతిక గిన్నె తాగారు.

ఫిబ్రవరి 10, మంగళవారం

గుడికి వెళ్ళి రాజుగారి పేరు మీద అర్చన చేయించాను. పంతులుగారు గోత్రం అడిగారు. తెలియదన్నాను. నక్షత్రం అడిగారు. తెలియదన్నాను. పేరైనా తెలుసా అన్నారు. ఫోన్ తీసి చదివాను. తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు, ఊరి పేరు అన్నీ కలిపి రైలుబండి అంత ఉంది. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, ఇది పేరా అమ్మా, వంశావళా అన్నారు. ఇందులో కూడా ఏదో ఆట ఉంది కదా అని నన్ను అనుమానంగా చూశారు. పోయిన కార్తీకంలో ఆయన మైకుకి నేను మా ఆయన ఫోన్ బ్లూటూత్ కలిపిన సంగతి మర్చిపోలేదు పాపం.

ఆట కాదు పంతులుగారూ, షఫీకన్న కోసం అన్నాను. ఒకప్పుడు షఫీకన్న ఆటో ఎక్కే ఆయన వేదపాఠశాలకి వెళ్ళేవారు. ఇంకేమీ అడగలేదు. శివ గోత్రం వేసుకుందాంలే అని, ఆ రైలుబండి పేరంతా తప్పుల్లేకుండా రెండుసార్లు చదివారు.

ప్రసాదం గోడ మీద నుంచి పెద్దమ్మకి ఇచ్చాను. రాజుగారికి శివ గోత్రం ఇచ్చాం పెద్దమ్మా అన్నాను. ఏదో ఒకటి ఇచ్చారు గదా, సంతోషం అంది.

ఫిబ్రవరి 12, గురువారం

మా ఆయన చేతుల్ని విరగ్గొట్టాలి.

ఆదివారం శివరాత్రి. మా అత్తగారి ఊరి నుంచి ఏటా కోటప్పకొండకి ప్రభ వెళ్తుంది. ఇంత ఎత్తున వెదుళ్ళు కట్టి, రంగు గుడ్డలు చుట్టి, బల్బులు పెట్టి, ట్రాక్టరు మీద ఊరేగిస్తూ తీసుకెళ్తారు. దాని మీద రాజుగారి ఫొటో కట్టిస్తే కోటప్ప చూస్తాడని మొక్కుకున్నాను. అంత ఎత్తున ఉంటే చూడక చస్తాడా?

రాజు త్వరగా కోలుకోవాలని ఫ్లెక్సీ వెయ్యమని మా ఆయనకి చెప్పి కూరగాయలకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఫ్లెక్సీ బయట ఆరబెట్టి ఉంది. దాని ముందు వదిన నేల మీద కూలబడి ఉంది.

రాజుగారి తల చుట్టూ మల్లెల దండ. రెండు పక్కలా దీపాలు. కింద జననం అని రాసి చుక్కలు, మరణం అని రాసి చుక్కలు.

ముసలాయన, తెల్ల గడ్డం, నవ్వు లేని మొహం. మా ఆయన చెయ్యి అలవాటుగా శ్రద్ధాంజలి టెంప్లేట్ మీదకి పోయింది. ఈ సీజన్లో ఆయన వేసేవి అవే. నన్ను చూసి, ఫొటో బాగా కుదిరింది కదే అన్నాడు. నాకు వచ్చిన తిట్లలో సగం ఇక్కడ రాయలేను, పురుగు బొమ్మ కూడా సిగ్గుపడుతుంది. వదినని లేవదీసి కూర్చోబెట్టి, ఆ ఫ్లెక్సీని కత్తెరతో ముక్కలు చేశాను. అప్పుడు అర్థమైంది ఆయనకి. మొహం మాడిపోయింది. అన్నం కూడా తినకుండా కూర్చుని మళ్ళీ చేశాడు. ఈసారి పచ్చని వెలుగు, ఎగురుతున్న పావురాలు. రాజుగారి పెదాల చివర్లు కాస్త పైకి లాగి నవ్వు కూడా తెప్పించాడు.

కింద శుభాకాంక్షలు చెప్పే వరసలో పెద్దమ్మ ఫొటో పెట్టాను. ఆధార్ కార్డులోది. ఎవరినో కొట్టబోతున్నట్టు ఉంటుంది. అయినా ఆమె బొమ్మ ఫ్లెక్సీ మీద పడడం ఇదే మొదటిసారి.

ఫిబ్రవరి 16, సోమవారం

నడుము విరిగింది, గొంతు పోయింది. రాయకపోతే నిద్ర పట్టదు.

ప్రభ పెద్ద మా బావగారు ఆంజనేయులే. నా ఖర్మ. ఫ్లెక్సీ చూడగానే, ఎవరీయన, మనోళ్ళ మనిషా అవతలోళ్ళ మనిషా అన్నాడు. ఏ పార్టీ కాదు బావగారూ అన్నాను. పార్టీ లేకుండా ఫ్లెక్సీ ఎందుకు ఎక్కుతాడు, రేపు కొండ కింద తలకాయలు పగిలితే నువ్వొచ్చి కుట్లేస్తావా అన్నాడు. అందులో న్యాయం ఉంది. మా పల్నాడులో తెలియని మొహం ప్రభ మీద కనిపిస్తే ముందు కర్రలు లేస్తాయి, తర్వాత పేరు అడుగుతారు. అదీ కాక నల్ల కళ్ళద్దాల అభిమాని ఇంకా ఆయన కళ్ళల్లోనే ఉన్నాడు.

పెద్దమ్మ తనే వస్తానంది. వదిన చెయ్యి పట్టుకుని ఆటో దిగి, ట్రాక్టరు ఇంజను వేడి తగిలే దాకా వెళ్ళి నిలబడింది. నాయనా, ఆయన ఏ పార్టీ కాదు, మంచంలో ఉన్నాడు, ఆయన లేస్తే నా కొడుకు ఇంటికొస్తాడు అంది. అంతే. బావగారు ఫ్లెక్సీ తీసుకుని, ఒరేయ్ పైన కట్టండ్రా, గాలికి చిరగకుండా నాలుగు మూలలా తాడెయ్యండి అని, కుర్రాళ్ళ మీద నమ్మకం లేక తనే నిచ్చెన ఎక్కాడు. చుట్టూ సీరియల్ లైట్లు కూడా పెట్టించాడు. దిగి వచ్చి నాతో మాత్రం మాట్లాడలేదు.

కొండ కింద జనం ఆ మొహాన్ని చూసి తలో మాటా అన్నారు. ఢిల్లీలో కొత్త పార్టీ పెట్టాడంట అని ఒకడు. బల్బులన్నీ ఆయనే ఇచ్చాడంట అని ఇంకొకడు. ఒక ముసలామె చెంపలు వేసుకుని, ఏ స్వామో బాగున్నాడు, నవ్వు మొహం అంది.

నేను కొండకి తిరిగి దండం పెట్టాను. అడగడానికి నోరు తిరగలేదు. ఇన్నేళ్ళు ఆ స్వామితో కూడా వెటకారమే కదా. ఇది మాత్రం నిజంగా అడుగుతున్నా అన్నాను.

ఫిబ్రవరి 19, గురువారం

రంజాన్ మొదలైంది. పెద్దమ్మకి షుగరు. ఉపవాసం ఉండొద్దని డాక్టరు పోయినేడే చెప్పాడు. ఈసారి రాజుగారి కోసం ఉండాల్సిందేనని పట్టుబట్టింది. వదిన బతిమాలింది. మసీదు పెద్దాయన కూడా వచ్చి, రోగులకి మినహాయింపు ఉంది తల్లీ అన్నాడట. వినలేదు.

మధ్యాహ్నమే మేడెక్కాను. బాషా ఏడుపు గొంతుతో మాట్లాడాడు. ఏం చెప్పేదమ్మా, రాజుగారు రోజా ఉంటానని ఒకటే గోల, డాక్టర్లు ఒప్పుకోలేదు, చిన్నపిల్లోడి మాదిరి ఏడ్చినాడు, నాలాంటోళ్ళు ఇంకెవరైనా ఉన్నారా, వాళ్ళు తింటే నేనూ తింటా అంటుండాడు అన్నాను.

అయితే నేను తింటున్నానని చెప్పు అంది పెద్దమ్మ. ఆయనకి తోడుగా తింటా, లేచాక ఇద్దరం కలిసి బాకీ ఉపవాసాలు తీర్చుకుంటాం అని చెప్పు అంది.

గోడ అవతల వదిన రొట్టె ముక్కలు చెయ్యడం వినపడింది. నేను మేడ మీదే కూర్చుని కొంగుతో ముక్కు చీదుకున్నాను. బాషాకి జలుబు చేసింది.

ఫిబ్రవరి 21, శనివారం

మసీదు గంజి వచ్చింది. రాజుగారికి కూడా అదే ఇస్తున్నారా అని పెద్దమ్మ అడిగింది. ఇట్టాంటిదే కానీ ఇంత రుచి లేదమ్మా అన్నాను.

ఫిబ్రవరి 24, మంగళవారం

దొరికిపోయాను.

ఆరేసిన బట్టలు తీసుకోవడానికి వదిన వాళ్ళ మేడ మీదికి వచ్చింది. నేను ఇటు తిరిగి, రాజుగారికి ఈ పూట జొరం లేదమ్మా, సంతకాలు పెట్టేదానికి చెయ్యి కూడా లేస్తుండాది అంటున్నాను. వెనక నుంచి ఊపిరి వినపడి తిరిగాను.

వదిన అరవలేదు. అరిస్తే నేనూ అరిచేదాన్ని, ఇద్దరం తేలికయ్యేవాళ్ళం. నా మొగుడు జైల్లో ఉన్నాడు వదినా, నీకు ఆటగా ఉందా అంది. ఆ ముసల్ది ఆ చెయ్యి లేచిందని రాత్రంతా అనుకుంటా ఉంటది, రేపు లేవకపోతే ఎవరు చెప్తారు, నువ్వా అంది.

చీరలు మడవకుండానే చంకన పెట్టుకుని దిగిపోయింది.

ఫోన్లోంచి ఆ పాత సిమ్ తీసి కొంగుకి ముడి వేసుకున్నాను.

ఫిబ్రవరి 25, బుధవారం

షాపుకీ షాపుకీ మధ్య ఒక ఇటుక మందం గోడ. మిషన్ చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ఫిబ్రవరి 27, శుక్రవారం

బాషా ఫోన్ చెయ్యడం లేదు. పెద్దమ్మ ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటోందని మా ఆయన చెప్పాడు. నేను అడగలేదు. ఆయనే చెప్పాడు.

ఆయనకి అంతా ఎప్పటి నుంచో తెలుసట. నిద్రలో కూడా కడప యాస మాట్లాడుతున్నావే అన్నాడు.

మార్చి 1, ఆదివారం

వదిన వచ్చింది. నేను కుట్టమని ఇచ్చిన జాకెట్టు బల్ల మీద పెట్టి నిలబడింది. చంకల కింద బిగుతుగా ఉంటే చెప్పు అంది. ఉండదులే, నా కొలతలు నాకంటే నీకే తెలుసు అన్నాను.

పెద్దమ్మ మళ్ళీ ఉపవాసాలు మొదలుపెట్టిందట. నిన్న సాయంత్రం అసర్ నమాజుకి లేస్తూ కళ్ళు తిరిగి పడబోయిందట. బాషాకి ఒంట్లో బాలేదేమో, రాజుగారికి గంజి ఎవరు కాస్తున్నారో అంటోందట. చెప్పేటప్పుడు వదినది నవ్వో ఏడుపో తెలియలేదు.

ఫోన్ చెయ్యి వదినా అంది. ఒక్క మాట, గంజి గురించి నీ ఇష్టం వచ్చింది చెప్పుకో, షఫీక్ వస్తాడని మాత్రం ఎప్పుడూ చెప్పబాక అంది.

కోటప్ప మీద ఒట్టు అన్నాను. నీ ఒట్లు నాకు తెలుసులే అంది. మళ్ళీ మామూలుగా అయ్యాం.

బాషాకి జొరం తగ్గింది. డ్యూటీలో చేరాడు.

మార్చి 6, శుక్రవారం

నా నాలుక ఊరుకోదు. ఒట్టు తప్పలేదు కానీ, చుట్టూ తిరిగాను.

నెల రోజులుగా పెద్దమ్మ రాజుగారి గంజి, రాజుగారి నిద్ర, రాజుగారి విరేచనం కూడా అడిగింది. కొడుకు మాట మాత్రం ఒక్కసారీ ఎత్తలేదు. నాకు లోపల దురదగా ఉంది. ఈ రోజు, అమ్మా, రాజుగారిని ఏమన్నా అడగల్లనుకుంటే చెప్పు, నేను చెవిలో వేస్తా అన్నాను.

సరిగ్గా అప్పుడే ఉల్లిపాయల ఆటో మా సందులోకి వచ్చింది. మైకులో ఎర్రని ఉల్లిపాయలు, గట్టి ఉల్లిపాయలు అని అరుపు. ఫోన్ని గుండెకి అదుముకుని పిట్టగోడ వెనక నక్కాను. ఆటో పోయాక, ఇక్కడ కూడా మార్కెట్ ఉండాదమ్మా, మన వాళ్ళే అన్నాను.

ఉంటదిలే అంది పెద్దమ్మ. రోగంతో ఉన్న మనిషికి పని చెప్పకూడదు నాయనా అంది. ముందు లేచి కూర్చోనీ. నేనేం అడగను.

మార్చి 10, మంగళవారం

వాళ్ళ టీవీలో రాజుగారి పాత వీడియోలే వేస్తున్నారట. వదిన దర్గాలో చాదర్ ఇచ్చింది. నేను మళ్ళీ అర్చన చేయించాను. ఈసారి పంతులుగారు పేరు చూడకుండా చెప్పారు.

మార్చి 14, శనివారం

రాజుగారు పోయారు.

మలయాళీ ఆయన ఫోన్ చేశాడు. టీవీలో కింద గీతలో కూడా వచ్చింది, క్రికెట్ స్కోరు పక్కన. వదిన మిషన్ ముందు కూర్చుని పాదం తొక్కుతూనే ఉంది, సూది కింద గుడ్డ లేదు. నేను వెళ్ళి చక్రం పట్టుకుని ఆపాను.

పెద్దమ్మకి ఎవరు చెప్పాలి? ఆ రోజు వదిన అడిగింది కదా, నువ్వా అని.

నేనే చెప్తానన్నాను.

మార్చి 15, ఆదివారం

మామూలు వేళకే మేడెక్కాను. బాషా చెప్తేనే పద్ధతి అనుకున్నాను. రాజుగారి ఇంటి మనిషి కదా.

మోగింది. ఎత్తింది. అమ్మా అన్నాను, కడప యాసలోనే. గొంతు బొంగురుగా పెట్టుకోవాల్సిన పని లేకుండా బొంగురుపోయింది.

ఏడవబాకే అనసూయా, కిందికి దిగి రా అంది పెద్దమ్మ.

మేడ మెట్లు ఎలా దిగానో తెలియదు. గోడ చుట్టూ తిరిగి వెళ్ళాను. మంచం మీద జరిగి చోటిచ్చింది. ఆమెకి పొద్దున్నే తెలిసిందట, మసీదు మైకులో చెప్పారట. ఎవరైనా పోతే వాళ్ళు చదివే ఇన్నాలిల్లా చదివి, దూరం నుంచి చేసే దువా చేసేసిందట.

ఎప్పటి నుంచి తెలుసు అని అడిగాను. మొదటి రోజు నుంచే అంది. గొంతు మగాడిదే గానీ నీ గాజులు యాడ దాస్తావే అంది. మొన్న ఉల్లిపాయల ఆటో ఈ చెవిలో ఫోన్లోనూ ఆ చెవిలో సందులోనూ అరిచిందట. రాజుగారి కోట మన సందులోనే ఉందని ఆ రోజు భలే నవ్వుకున్నా అంది.

నాకు కోపం వచ్చింది. నన్ను ఇంతకాలం ఆడించినవాళ్ళు ఎవరూ లేరు. మరి తిట్టలేదేం అన్నాను.

రాజు నిజమే గదా, ఆయన జొరం నిజమే గదా, గంజి మాటేగా నువ్వు కట్టింది అంది. పొద్దుగూకులూ నేనొక్కదాన్నీ ఆ మనిషి గురించి అనుకుంటా కూర్చోలేకపోయా, నువ్వు కూడా కూర్చున్నావు అంది.

మరి కొడుకు గురించి ఎందుకు అడగలేదు పెద్దమ్మా, నేనే నోరు తెరిచి అడగమన్నాను కదా అన్నాను.

నా చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. అడిగితే నువ్వేం చెప్తావే పిచ్చిదానా అంది. వస్తాడని చెప్పలేవు. రాడని చెప్పలేవు. ఏదో ఒకటి చెప్పి ఆ రాత్రంతా దొర్లుతావు. నాకు నిద్ర లేకపోతే లేకపోయింది, నీకెందుకు పోవాల అంది.

ఏడ్చాను. గట్టిగా. మా ఆయన గోడ అవతల నుంచి ఏమైందే అని అరిచాడు. నీ తలకాయ అయింది అన్నాను.

మార్చి 16, సోమవారం

పొద్దున షాపు తెరిచేసరికి బయట ఒక ఫ్లెక్సీ కట్టి ఉంది. మల్లెల దండ, రెండు దీపాలు, జననం, మరణం. చుక్కల చోట ఈసారి తేదీలున్నాయి. కింద వరసలో పెద్దమ్మ ఆధార్ ఫొటో, దాని పక్కన వదినది, మాది, చివర్లో బావగారు ఆంజనేయులిది. ఎవరూ అడగలేదు. మా ఆయనే వేశాడు. బావగారు ఫొటో పంపాడట, నల్ల కళ్ళద్దాలు లేనిది చూసి పెట్టమని.

పెద్దమ్మ గంజి కాయించి మసీదుకి పంపింది. రాజుగారి పేరు మీద.

మార్చి 19, గురువారం

ఉగాది. పచ్చడి గిన్నె ఇద్దామని వెళ్తుంటే వదిన చెప్పులు లేకుండా ఎదురొచ్చి నన్ను గుద్దుకుంది. గిన్నె పడింది. ఇద్దరి చీరల మీదా వేపపువ్వు.

కొత్త రాజు గద్దెనెక్కగానే ఖైదీల్ని వదిలాడట. తండ్రి సంతకం పెట్టకుండా మిగిలిపోయిన పేర్లన్నీ ముందు వదలమన్నాడట. షఫీకన్న పేరు ఉంది. మలయాళీ ఆయన రెండుసార్లు చదివి వినిపించాడట. టికెట్టు, కాగితాలు అయ్యాక వారంలో పంపిస్తారట.

నేను కేక పెట్టాను. వదిన కేక పెట్టింది. మంచం మీద నుంచి పెద్దమ్మ, నోరు మూసుకోండే ఇద్దరూ అని గదమాయించింది. వాళ్ళింట్లో మనిషి పోయి ఇంకా వారం కాలేదు, ఇప్పుడే కేకలా అంది. ఇద్దరం నోళ్ళు మూసుకుని, గోడ మూల నిలబడి, చప్పుడు లేకుండా గెంతాం. నాకు ఈ వయసులో మోకాళ్ళు పట్టేశాయి.

పెద్దమ్మ కళ్ళు తుడుచుకోవడం చూశాను. ఎవరి కోసమో అడగలేదు.

మార్చి 21, శనివారం

రంజాన్ పండగ. సేమియా. చక్కెర తగ్గించి చేశామని పెద్దమ్మ చెప్పింది, రాజుగారు పోయిన దుఃఖానికి. షుగరుకి కూడా మంచిదే అన్నాను.

మార్చి 27, శుక్రవారం

షఫీకన్న వచ్చాడు. హైదరాబాద్ నుంచి బస్సులో, చిన్న సంచితో. సగం మనిషయ్యాడు. నన్ను చూసి, ఏం చెల్లెమ్మా, ఇంకా ఎవరి కొంపలు ముంచుతున్నావు అన్నాడు. నీ కొంపే అన్నాను. నవ్వాడు. పళ్ళు మాత్రం అన్నీ ఉన్నాయి.

పెద్దమ్మ ఆయన మొహం చేత్తో తడిమింది, చెవులు, మెడ, భుజాలు. అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాక రాజుగారి గురించి అడిగింది. నువ్వు చూశావా ఆయన్ని అని. జైలు గోడ మీద ఫొటో ఉండేదమ్మా, రోజూ చూసేవాణ్ణి అన్నాడు. నవ్వుతా ఉండేవాడా అంది. లేదమ్మా, సీరియస్‌గా ఉండేవాడు అన్నాడు. పెద్దమ్మ నా వైపు తిరిగి, మీ ఆయన నవ్వించాడు గదే అంది.

కొత్త రాజుకి ఎన్నేళ్ళు అని అడిగింది. అరవై దాటినట్టున్నాయి అన్నాడు.

మార్చి 28, శనివారం. సాయంత్రం ఆరు

పాత సిమ్‌కి పెద్దమ్మ ఫోన్ చేసింది. బాషా ఉన్నాడా అంది.

ఉండానమ్మా అన్నాను.

పిల్లోడు, తండ్రి పోయిన ఇంట్లో ఒక్కడే ఉన్నాడు, ఏమన్నా తాగాడా అంది.

సగం గిన్నె అన్నాను.